సగం చర్చి

ఇంగ్లండులో లీసెస్టర్‌కి గంట దూరంలో ఉంది ఆ ఊరి చర్చి. పేరుకి చర్చే గానీ, ఎవరో సగానికి కోసి ఒక ముక్క పట్టుకుపోయినట్టుంటుంది. నవంబరు ఆదివారం, భోజనాలయ్యాక బాలాజీ భార్యని అక్కడికి తీసుకొచ్చాడు. ఇంట్లో ఉంటే కిరణ్మయి నోరు విప్పదు. విప్పిందా, అదే మాట. మొన్న ఎండాకాలంలో, ఆరో నెలలో కడుపులోనే పోయిన పిల్లాడి మాట.

ఆ రోజు ఆస్పత్రిలో ఆమె మత్తులో ఉంది. నర్సు బాలాజీనే అడిగింది, "ఒక్కసారి ఎత్తుకుంటారా?" అని. వద్దన్నాడు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి ఆఫీసు కాల్ అందుకున్నాడు. "అంతా ఆస్పత్రివాళ్ళే చూసుకుంటార్లే" అన్నాడు తర్వాత. మహానుభావుడు! బిడ్డని ఎక్కడ పెట్టారో ఆమెకి తెలీదు, ఆయనా కనుక్కోలేదు.

చర్చి చూసుకునే ముసలావిడ టీ ఇచ్చి చెప్పింది. "ఇది సన్యాసుల మఠం. దాదాపు ఐదొందలేళ్ళ కిందట రాజుగారు మఠాలన్నీ మూయించినప్పుడు తూర్పు సగం కూలగొట్టారు. ఊరివాళ్ళు ప్రార్థనకి కావాలని మొత్తుకుంటే ఈ సగం మిగిల్చి, మధ్యలో ఆర్చిని రాళ్ళతో మూసేశారు. అసలు పూజాపీఠం, సన్యాసుల సమాధులు ఆ గోడ అవతల గడ్డి కిందున్నాయి."

కిరణ్మయి ఆ మూసిన ఆర్చి వంక చాలాసేపు చూసింది. బయటికొచ్చి బూట్లు విప్పింది.

"ఈ చలిలో ఏంటిది కిరణూ?"

"మూడు ప్రదక్షిణాలు చేస్తానండీ. ఏ దేవుడైతేనేం, అడిగితే పోయేదేముంది?"

షాలు కప్పుకుని, తడిగడ్డిలో వట్టికాళ్ళతో బయల్దేరింది. ఇక్కడ గర్భగుడి లాంటి ఆ పూజాపీఠం గోడ బయటుంది. తను దాని చుట్టూ తిరగడం లేదు, దాన్ని తొక్కుకుంటూ పోతోంది. ఆ సంగతి బాలాజీకి తట్టలేదు. ఆయన బ్లాక్‌బెర్రీ ఫోను చూసుకుంటున్నాడు.

మొదటి చుట్టు తిరిగొచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది… రాలేదు.

నాలుగింటికే చీకటి పడుతోంది. బాలాజీ లేచి చర్చి వెనక్కి వెళ్ళాడు. గడ్డి, విరిగిన స్తంభాల మొదళ్ళు. మనిషి లేదు. తడి సున్నం వాసన, ఆరిపోయిన కొవ్వొత్తుల వాసన.

అడుగుల చప్పుడు… రాతి నేల మీద, వట్టికాళ్ళు. గోడ లోపల్నించి.

లోపలికి పరిగెత్తాడు. ముసలావిడ కప్పులు కడుగుతోంది, ఇంకెవరూ లేరు. చప్పుడు ఇప్పుడు గోడ బయట్నించి వస్తోంది. ఒక్కరివి కావు. చాలామందివి…

మళ్ళీ బయటికొచ్చాడు. చప్పుడు మళ్ళీ లోపలే.

"కిరణూ!"

"అరవకండి."

వెనకే నిలబడి ఉంది. షాలు భుజాల మీద లేదు, మడిచి గుండెకి హత్తుకుంది. తడిగడ్డిలో తిరిగిన పాదాలు పొడిగా ఉన్నాయి. వాటి నిండా తెల్లటి సున్నం.

"ఎక్కడికెళ్ళావ్?"

"లోపలికే. చాలా పొడుగుందండీ ఆ గుడి. చివరిదాకా తీసుకెళ్ళి చూపించారు."

"ఎవరు? ఏం చూపించారు?"

"వాణ్ణి ఎక్కడ పెట్టారో."

దారంతా ఆమె షాలుని గుండెకి హత్తుకునే కూర్చుంది. రేడియో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అంతే. డాక్టరుకి చూపించాలి, రేపే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి అనుకుంటూ కారు నడిపాడు బాలాజీ. పక్కకి మాత్రం చూడలేదు. చూడాలంటే భయమేసింది.

ఇల్లు చేరారు. గుమ్మం ముందు జేబులు తడుముకుంటుంటే కిరణ్మయి మెల్లగా అంది.

"తాళం నేను తీస్తాను. మీరోసారి ఎత్తుకోండి. అప్పుడు ఎత్తుకోలేదుగా."

ఏడవాలో నవ్వాలో తెలీక చేతులు చాచాడు. ఖాళీ షాలే కదా అనుకున్నాడు.

బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. మోచేతి వంపులోకి… మెల్లగా సర్దుకుని పడుకుంది.