చూడని చుక్కలు

పొద్దున్నే నాన్న గడియారాల బల్ల ముందు చేరాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఓ పాత చేతిగడియారాన్ని ముక్కుకు ఆనించుకుని చూస్తున్నాడు. వీధి వీధంతా ఆయన్ని ‘సోడాబుడ్డి మేస్త్రీ’ అంటుంది. ఆ కళ్ళద్దాలే కూతురికీ వాటాకొచ్చాయి. చిన్నప్పుడు తోటి పిల్లలు ఏడిపిస్తే, “దగ్గరవి మనంత బాగా ఎవరు చూస్తారే?” అని ఆమెను బల్ల పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పైన టిక్కుటిక్కులు, కింద ఆమె ఎక్కాలు. ఎంత చల్లని సాయంత్రాలవి!

ఇవాళ మాత్రం ఆమె ముఖం ముడుచుకుంది. కళ్ళాసుపత్రిలో పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. నిన్ననే తండ్రి పాత చూపు పరీక్షల కాగితాలన్నీ తిరగేసింది.

“నాన్నా, ఆ మిషన్‌లో వెలుగు చుక్క కనబడితేనే కదా బటన్ నొక్కాలి?”

“నొక్కాను కదమ్మా.”

“చుక్క లేనప్పుడూ నొక్కావు. మూడేళ్ళ నుంచీ!”

నాన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. “ఆ మిషన్‌కో వరస ఉంది. లోపల టక్కుమంటుంది. నలభై ఏళ్ళు గడియారాలు విన్నవాణ్ణి, నాకు తెలియదూ?”

“గొప్ప పనే చేశావు! మనలాంటి కళ్ళల్లో చూపు నరం ఎలాగూ వంకరగానే కనిపిస్తుంది. అది అద్దాల పవర్ వల్లో, ఆ నరాన్ని మెల్లగా తినేసే గ్లకోమా వల్లో ఒక్క ఫోటో చూసి చెప్పడం కష్టం. కంటి ప్రెషర్ మామూలుగా ఉన్నా నమ్మడానికి లేదు. ఏటేటా ఈ పరీక్షల్నే పోల్చి చూడాలి. నువ్వేమో అన్నీ దండగ చేశావు.”

“చూపు తగ్గిందంటే బల్ల దగ్గర్నుంచి లేపేస్తారని భయమేసింది తల్లీ.” ఆయన చేతిగడియారాన్ని దగ్గరికి లాక్కున్నాడు. “ఈ పని లేకపోతే నేనెవర్ని?”

ఆమె కోపం నీరుగారిపోయింది. “పోయిన చూపు తిరిగి రాదు నాన్నా. ఉన్నది కాపాడాలంటే ఎంతుందో తెలియొద్దూ?”

ఆ మధ్యాహ్నమే పరీక్ష గదిలో దీపాలార్పి, ఆయన ఒక కన్ను మూసి, గడ్డం తనే సర్ది కూర్చోబెట్టింది. మిషన్ మొదలైంది. ఏ చుక్క ఎక్కడ వెలుగుతోందో ఆమె ముందున్న తెర మీద తెలుస్తోంది. కింది చుక్కలకు వేలు చురుగ్గానే కదిలింది. పైన వెలిగినప్పుడల్లా బటన్ నొక్కిన చప్పుడు లేదు. ఒకటి. మూడు. ఆరు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇప్పుడేమైనా వెలిగిందా అమ్మా?” తల కదపకుండానే అడిగాడు నాన్న.

లేదన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

“వెలిగింది నాన్నా.”

ఆయన బటన్ మీంచి వేలు పైకెత్తి పట్టుకున్నాడు.

“అయితే కనబడలేదని రాసుకో తల్లీ.”