వంటింట్లో కొళాయి తిప్పిందెవరు?

వాల్దీవియా ఊళ్ళో మా వీధి చివరి చెక్క ఇంటికి మంచి పేరు లేదు. ముసలి క్లోరిందా ఆ ఇంటి స్నానాలగదిలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. ఆ తర్వాత అద్దెకొచ్చినవాళ్ళెవరూ ఒక చలికాలం దాటి ఉండలేదు. స్నానం సగంలో ఉండగా వేడినీళ్ళు చల్లబడిపోతాయట... ఇంట్లో ఇంకో మనిషి లేకపోయినా.

మా వైపు అన్నీ స్నానాలగదిలోనే బిగించిన పాత గ్యాస్ గీజర్లు. వంటింట్లో వేడినీళ్ళు తిప్పితే స్నానాలగదిలో చన్నీళ్ళే. లోపల్నుంచి "కొళాయి కట్టెయ్" అని గొంతు చించుకోని ఇల్లు మా ఊళ్ళో లేదు. కానీ ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎవరి మీద అరుస్తారు?

నెల్దా అరిచింది. కొన్నేళ్ళ కిందట కూతురితో ఆ ఇంటికి అద్దెకొచ్చింది. కూతురు ఇర్మా పసిది, న్యుమోనియా నుంచి అప్పుడే తేరుకుంది. చలి తగిలితే తిరగబెడుతుందన్నాడు డాక్టరు. అందుకని నెల్దా, చలికాలంలో మేమంతా చేసే పనే చేసింది. స్నానాలగది గోడకున్న గాలి కన్నంలో పాతగుడ్డలు కుక్కేసింది.

ఆ సాయంత్రం జోరున వాన. పిల్లకి తలంటుతోంది. ఉన్నట్టుండి — చన్నీళ్ళు.

"కొళాయి కట్టెయ్," అలవాటు కొద్దీ అరిచింది నెల్దా.

నీళ్ళు వేడెక్కాయి.

అప్పుడు తట్టింది... ఇంట్లో తామిద్దరే.

పిల్ల జుట్టు నిండా సబ్బు. గబగబా కడుగుతూనే ఉంది. కాసేపటికి మళ్ళీ చన్నీళ్ళు. "కట్టెయ్," అంది గుసగుసగా. ఈసారి మాట వినలేదు. నీళ్ళు ఇంకా చల్లబడ్డాయి.

"అమ్మా... నిద్రొస్తోంది," అంది ఇర్మా.

నెల్దాకి భయం కన్నా కోపమే ఎక్కువైంది. "నా పిల్లని చంపుతావుటే ముసలిదానా," అంటూ ఇర్మాని తువ్వాల్లో చుట్టుకుని వంటింటికి పరిగెత్తింది. కాళ్ళు తడబడ్డాయి. తల పగిలిపోతోంది.

వంటింట్లో కొళాయి ధారగా పోతోంది. కిటికీ అద్దం నిండా ఆవిరి. తను గడియ వేసిన వీధి తలుపు — బార్లా తెరిచి ఉంది. చల్లగాలి మొహాన కొట్టేసరికి, వాలిపోయిన పిల్ల దగ్గింది. కళ్ళు తెరిచి ఏడ్చింది.

మర్నాడు ప్లంబర్ ఒస్వాల్దోని నేనే తీసుకెళ్ళాను. గీజర్ పొగగొట్టంలో అడ్డంగా పక్షిగూడు. గాలి కన్నంలో గుడ్డలు. రెండూ బయటికి లాగి చూపించాడు ఒస్వాల్దో.

"మంట వదిలే విషగాలికి బయటికి పోయే దారే లేదు. దానికి వాసనుండదు, నిద్ర ముంచుకొస్తుందంతే. ఇంకాసేపుంటే తల్లీపిల్లా లేచేవాళ్ళు కాదమ్మా. అసలు బయటికెందుకొచ్చారు?"

"నీళ్ళు చల్లబడ్డాయి," అంది నెల్దా.

ముగ్గురం వంటింటి వైపు చూశాం. క్లోరిందా పోయింది గుండె జబ్బుతో కాదు, ఈ విషగాలికేనని అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళూ ఆమెని ఆడిపోసుకున్నందుకు నాకు సిగ్గేసింది.

కన్నంలో గుడ్డలు తీసేసి, గొట్టం బాగుచేయించారు. నీళ్ళు చల్లబడటం ఆగిపోయింది. నెల్దా ఆ ఇల్లు వదల్లేదు.

పోయిన చలికాలం, ఇప్పుడు పెద్దదైన ఇర్మా స్నానం చేస్తూ, నీళ్ళు మళ్ళీ చల్లబడ్డాయని లోపల్నుంచి అరిచింది. నెల్దా అరవలేదు. "వస్తోంది, దోన్యా క్లోరిందా, వచ్చేస్తోంది," అని పెద్దావిడకి మర్యాదగా చెబుతూ కూతుర్ని చెయ్యి పట్టి బయటికి లాగేసింది.

తర్వాత లోపలికెళ్ళి చూసింది. గాలి కన్నంలో, ఇర్మా కుక్కిన పాత స్వెట్టరు ఉంది.