ఒకటంటే ఆగు, రెండంటే రా

ఉదయం ఏడింటికి ఆయన భోజనాల బల్లను రెండుసార్లు తట్టాడు. భార్య గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. ఒకసారి తట్టగానే ఆపేసింది.

ముప్ఫై ఏళ్లు దూరప్రయాణాల లారీ నడిపిన మనిషి. బండి వెనక్కి తీసేటప్పుడు వెనకాల ఉన్నవాడు బాడీ మీద ఒకసారి చరిస్తే ఆగమని, రెండుసార్లు చరిస్తే రమ్మని. ఆ భాషనే ఆయన ఇంటికీ తెచ్చాడు. నోరు తెరిచి అడిగే శ్రమ ఎందుకని కాబోలు. స్నానాలగది తలుపు మీద ఒక్క దెబ్బ పడిందంటే లోపలున్నవాళ్లు నీళ్లు కట్టేసి బయటికి రావాల్సిందే. మోకాళ్లు అరిగి స్టీరింగు వదిలేశాక ఆ దెబ్బలు మరీ ఎక్కువయ్యాయి.

ఎదురుగా కూతురు తల ఎత్తకుండా రొట్టె తింటోంది. నెల కిందట లారీ కంపెనీలో డ్రైవరుగా చేరింది. అప్పట్నుంచి తండ్రీ కూతుళ్లు ఉప్పూ నిప్పూ.

"తాళాలు ఇచ్చేసి రమ్మను," అన్నాడాయన భార్య వైపు చూస్తూ. కూతురికి చెప్పాల్సినవన్నీ ఈమధ్య భార్యకే చెబుతున్నాడు. "పరీక్ష పెట్టి మరీ పంపించేస్తే ఉన్న పరువు కూడా పోతుంది."

"నాకు చెవులు పనిచేస్తాయి నాన్నా."

"పనిచేస్తే గోడౌన్ అరుగును ఎందుకు గుద్దావ్?"

మూడు రోజుల కిందట జరిగిన సంగతి అది. లోడు దించడానికి బండి వెనక్కి తీస్తూ సిమెంటు అరుగును గుద్దేసింది. వెనక తలుపు వంకరపోయింది. హమాలీ చివరి క్షణంలో పక్కకు దూకాడు కాబట్టి కాలు మిగిలింది. ఈ రోజు పదింటికి యార్డులో మళ్లీ పరీక్ష. నెగ్గితే మధ్యాహ్నమే మొదటి దూరపు లోడు, లేదంటే ఉద్యోగం పోయినట్టే.

"తినేటప్పుడైనా దాన్ని వదిలేయండి," అంది తల్లి.

"నేను వదిలేస్తే రోడ్డు వదలదు."

కూతురు పళ్లెం పక్కకు నెట్టింది. "అమ్మా, నిన్న మేనేజరు నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? నన్ను పనిలోంచి తీసెయ్యమని నాన్న ఫోన్ చేశాడట. అది కూడా నేను అరుగు గుద్దాక కాదు. అంతకు వారం ముందే."

తల్లి చేతిలోని టీ గిన్నె బల్ల మీదకు దిగింది. "ఏమండీ, నిజమేనా?"

"నిజమే, చేశాను. అయితే ఏంటి?"

"సొంత కూతురి పొట్ట కొట్టడానికి మీకు మనసెలా వచ్చింది?"

"ఇది పుట్టిన ఇరవయ్యో రోజున నేను దీని మొహం చూశాను. అప్పుడు మనసెలా ఉందో నువ్వు అడిగావా?" ఆయన గొంతు లేచింది. "టైరు కింద గోనె పరుచుకుని పడుకున్నాను. జ్వరంతో బండి నడిపాను. మగాణ్ణి, నాకే దిక్కులేదు. ఇది ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ స్నానం చేస్తుంది? అదేమన్నా ఆలోచించిందా?"

"ఆలోచించాను. నువ్వు అడిగితే చెప్పేదాన్ని," అంది కూతురు. "నువ్వు అడగవు కదా. బల్ల కొడతావు."

"నోరు బాగానే నడుస్తోంది. బండే నడవదు."

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. కూతురు లేచి నిలబడింది.

"ఎందుకు గుద్దానని అడిగావు కదా, విను. ఆ కంపెనీలో లెక్క వేరు. ఒకటంటే రా, రెండంటే ఆగు. నేనొక్కదాన్నే బండి వెనక్కి తీయడం అదే మొదలు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డ్రైవరు కూతుర్ని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. హమాలీ రెండు కొట్టాడు, వచ్చాను. మళ్లీ రెండు కొట్టాడు, ఇంకా వచ్చాను. ఊహ తెలిసినప్పట్నుంచి ఈ బల్ల మీద విన్నది అదే కదా."



"మరి మేనేజరుకు ఆ మాట చెప్పొచ్చు కదమ్మా," అంది తల్లి.

"ఏమని చెప్పను? మా నాన్న నేర్పింది తప్పని చెప్పనా?"

క్యారేజీ అందుకుని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆయన బల్ల మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పదింటికి యార్డులో మేనేజరు నేల మీద సున్నంతో గీత గీయించాడు. "అద్దంలో గీత కనపడదు. వెనక మనిషి చెప్పేదే నీకు ఆధారం. గీత దాటితే తాళాలు ఇచ్చేసి వెళ్లమ్మా."

టీ తాగుతున్న డ్రైవర్లు వేడుక చూడటానికి చేరారు. ఆమె రివర్సు గేరు వేసి అద్దంలోకి చూసింది. వెనక నిలబడింది యార్డు మనిషి కాదు. చేతికర్రతో నాన్న. మేనేజరు అడ్డు చెప్పలేదు.

బాడీ మీద ఒక్క దెబ్బ పడింది.

ఇంటి లెక్కలో ఆగాలి. ఇక్కడి లెక్కలో వెళ్లాలి. తనను పనిలోంచి తీయించాలని చూసిన మనిషి ఏ లెక్కన కొట్టినట్టు? హ్యాండ్ బ్రేకు లాగి కిందికి దిగింది. డ్రైవర్లు పకపకా నవ్వారు.

"నాన్నా, ఇది నీ లెక్కా, వీళ్ల లెక్కా?"

"వీళ్లదే," అన్నాడాయన, కర్ర వైపు చూస్తూ. "గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకున్నాను."

"నువ్వు అడిగావా?"

"అడిగాను. ముప్ఫై ఏళ్ల సర్వీసు పెట్టుకుని ఇదీ తెలియదా అని వాడు నవ్వాడు కూడా. నవ్వనీ. పో, ఎక్కు."

ఆమె ఎక్కింది. ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ. బండి మెల్లగా వెనక్కి జరిగింది. వెంటవెంటనే రెండు పడ్డాయి. ఆగింది. గీతకు ఇంకా జానెడు దూరముంది.

"బాగా ఆపావు," అన్నాడు మేనేజరు. "కానీ నిన్ను ఉంచుకునేది అందుకు కాదు. ఇంతమంది నవ్వుతున్నా దిగి అడిగావు చూడు, అందుకు." తర్వాత ఆయన వైపు తిరిగాడు. "మరి మీ ఫోను సంగతేంటి పెద్దాయనా?"

"ఏ ఫోను?" అన్నాడాయన.

మధ్యాహ్నం ఆమె నాలుగు రోజుల ప్రయాణం మీద బయల్దేరింది. తండ్రి క్షమించమనీ అనలేదు, జాగ్రత్తనీ అనలేదు. తలుపు మీద ఒకసారి చరిచి పక్కకు జరిగాడు. ఆమెకు అది చాలు. యార్డు దాటాక ఏడ్చింది.

ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తోంది. ఆయన బల్లను ఒకసారి తట్టాడు. ఆమె గరిటె వెనక్కి తీసుకుంది.

"ఒకటే కదా కొట్టాను. పెట్టు."

"ఒకటంటే ఆగు కదండీ."

"అది పాత లెక్క. పిల్ల తిరిగొచ్చేలోపు మనకిది అలవాటు కావాలి. మళ్లీ ఈ ఇంట్లో విన్నదే నమ్ముకుని అది..." ఆయన మాట పూర్తి చేయలేకపోయాడు. పెళ్లయ్యాక ఆయన కళ్లలో నీళ్లు ఆమె చూడటం అదే మొదలు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వడ్డించింది. పళ్లెం నిండాక ఆయన రెండుసార్లు తట్టాడు. పాత అలవాటు కొద్దీ ఆమె ఇంకో గరిటె వేసింది.

ఆయన ఏమీ అనకుండా అదీ తినేశాడు.