పొట్టి ప్యాకెట్

“మానిటర్ చూడ్డానికి కంపెనీ నుంచొచ్చిన ఇంజనీరు మీరేనా?” గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది నర్సు.

“ఊ.”

“ఊ అంటే ఔననా, తర్వాత చెబుతాననా?”

“ఔను.”

“నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయని భయమా?”

అతను తల వంచుకుని పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లు మండింది.

కిటికీ పక్క మంచం మీద ఉండి ఆమెను ‘సూదిపిల్లా’ అని ఏడిపించే పెద్దాయన కిందటి వారమే పోయాడు. ఆయన గుండె తడబడగానే మంచం దగ్గరి మానిటర్ నుంచి నర్సుల బల్లకు అలారం రావాలి. పంపానని మానిటర్ రాసిపెట్టుకుంది. రాలేదని నర్సు మొత్తుకుంటోంది. అందరూ మిషన్ మాటే నమ్మారు. ఎంక్వైరీలోనూ అదే తేలితే ఆమెకు ఇక ఏ ఆస్పత్రిలోనూ యూనిఫాం వేసుకునే వీలుండదు.

ఇంజనీరు మానిటర్‌కు, గుండె తడబడినట్టు నటించే నకిలీ గుండె డబ్బా తగిలించి మీట నొక్కాడు. బల్ల మీద అలారం మోగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మోగింది.

“మోగుతోంది” అన్నాడు.

“వినబడుతోంది. నాకు చెవుడు లేదని కూడా రాసుకోండి.”

ఆ గొంతులో వణుకు విని, సంచీ సర్దబోతున్నవాడు ఆగాడు. “అప్పుడు మీరెక్కడున్నారు?”

“పక్క మంచం దగ్గర. డాక్టరుగారు స్కాన్ తీస్తుంటే పేషెంటును పట్టుకున్నాను.”

మానిటర్లన్నీ ఒకదాని వెంట ఒకటి కేబుల్‌తో కలిపి ఉన్నాయి. పక్క మంచం స్కాన్ బొమ్మలు పెద్దాయన మానిటర్ గుండానే వెళ్లాలి. అతను స్కాన్ మిషన్ ఆన్ చేసి, మళ్లీ మీట నొక్కాడు.

మంచం దగ్గర ఎర్రదీపం వెలిగింది. బల్ల మీద చప్పుడు లేదు. బయట వాన మాత్రం వినబడుతోంది.

నర్సు ఆ మంచం అంచునే కూర్చుని ఏడ్చింది.

“మానిటర్ ప్రాసెసర్ లోపల, వచ్చిన సమాచారాన్ని ముందుకు పంపే చిన్న స్విచ్ ఉంటుంది” అన్నాడతను. “పెద్ద ప్యాకెట్లు, అంటే స్కాన్ బొమ్మల సమాచారం ముక్కలు, వరసగా వస్తుంటే మధ్యలో దూరిన పొట్టి ప్యాకెట్‌ను పారేస్తుంది. పారేశానని కూడా చెప్పదు. అలారం పొట్టిది. చిప్ పుట్టుకలోనే ఉన్న లోపం. అరుదుగా జరుగుతుందని చిప్ చేసినవాళ్లు ముందే చెప్పారు.”

“మరి మీరు?”

“అరుదే కదా, వదిలెయ్ అన్నారు మా సారు.”

“మీరేమన్నారు?”

అతను స్కాన్ మిషన్ ఆపేశాడు. “ఊ అన్నాను.”

ఆమె కళ్లు తుడుచుకుని అతనివైపు చూసింది. తిట్టడానికి కూడా ఓపిక రాలేదు. “దీనికి మందు లేదా?”

“ఉంది. వెనకాల సున్నాలు తగిలించి ప్యాకెట్‌ను పొడుగు చేస్తే చాలు.”

“అంతేనా?”

“అంతే.”

ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది.

ఎంక్వైరీ గదిలో ముందు వరసలో పెద్దాయన భార్య కూర్చుంది. “మిషన్ బాగుందని ఒక్క ముక్క చెప్పి కూర్చో” అని సారు ఇంజనీరు చెవిలో ఊదాడు. అది విని నర్సు గుండె జారిపోయింది. ఒక్క ముక్క చెప్పడంలో ఇతన్ని మించినవాడు లేడు మరి.

అతను లేచి స్విచ్ సంగతి, సారు మాట, తన ‘ఊ’ అన్నీ చెప్పాడు. సారు చొక్కా పట్టుకుని లాగినా కూర్చోలేదు.

“అలారం మోగుంటే మా ఆయన బతికేవారా బాబూ?” అడిగింది పెద్దావిడ.

“బతికేవారేనేమో అమ్మా.”

ఆవిడ నర్సు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రానికి నర్సు ఒంటి మీద యూనిఫాం నిలిచింది. ఇంజనీరు ఉద్యోగం పోయింది. బస్టాపు దగ్గర వానలో నిలబడ్డ అతని తల మీదికి ఒక గొడుగు వచ్చింది. పట్టుకున్నది నర్సు.

“ఇప్పుడేం చేస్తారు?”

“చూడాలి.”

“పొట్టిగా ఉంటే చేరదని మీరే కదా అన్నారు.”

అతను ఊపిరి పీల్చుకున్నాడు. “మీరు ఆ మంచం మీద కూర్చుని ఏడ్చినప్పటి నుంచి నాకు ఏదీ తోచడం లేదు. సగం నా తప్పు వల్ల, మిగతా సగం మీ వల్ల. అడిగే మొహం నాకు లేదని తెలుసు. అయినా మీరంటే నాకు ఇష్టం. ఇది చేరకపోతే ఇంకా పొడుగ్గా చెబుతాను.”

“ఊ” అంది నర్సు.

“ఊ అంటే ఔననా, తర్వాత చెబుతాననా?”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. “తర్వాతే. ముందు పెద్దావిడ ఇంటికి వెళ్లాలి. ఆయన ఎలా పోయారో సగం అర్థం కాలేదట, ఇంటికొచ్చి మళ్లీ చెప్పమంది. నాతో రండి. ఆవిడ అడిగినంతసేపూ చెప్పాలి.”

అతను ఊ అనబోయి, “వస్తాను. ఎంతసేపైనా చెబుతాను” అన్నాడు.