విన్నవాళ్లు వెనక్కి చూడకూడదు

ఆ వీధిలో అడుగడుక్కీ ఒక పాటల క్లబ్బు. ఒకచోట గిటారు ఆగితే పక్కచోట బాకా అందుకుంటుంది. పొద్దుగూకాక అక్కడ నిశ్శబ్దం కావాలంటే దివిటీ పట్టుకుని వెతకాలి. అలాంటి వీధిలో కూడా ఒక గది మాటెత్తితే చాలు, బల్ల మీద దరువేస్తున్న వేళ్లు ఠక్కున ఆగిపోతాయి.

పదిహేడు మెట్లు దిగితే ఒక నేలమాళిగ క్లబ్బు. చిన్న వేదిక. వేదిక వెనక వాయిద్యాల గది. చెడ్డపేరు ఆ గదిది.

పదకొండేళ్ల కిందట ఒక డ్రమ్మరు అందులో చిక్కుకుపోయాడట. చప్పుడు బయటికి పోకుండా గోడలకీ తలుపుకీ జానెడు మందాన దూది, రబ్బరు దట్టించిన గది. తలుపుకి లోపలివైపు పిడి లేదు. రంగులు వేయడానికని క్లబ్బు మూసిన రోజులవి. మళ్లీ తెరిచి చూస్తే... అప్పటికే ఆయన చల్లబడిపోయి ఉన్నాడు.

అప్పటి నుంచీ జనం వెళ్లిపోయాక ఆ గదిలోంచి దెబ్బలు వినిపిస్తాయంటారు. ధన్... ధన్... తొందరేమీ లేనట్టు.

పిడి బిగించమని తర్వాత ఒక వడ్రంగిని పిలిచారు. ఆయన కథంతా శ్రద్ధగా విని, పనిముట్లు తెచ్చుకుంటానని వెళ్లాడు. ఇంతవరకూ తెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఇక అక్కడ పనిచేసేవాళ్లకి ఒక నియమం ఉంది. దెబ్బ వినిపిస్తే ఎవరని అడగకూడదు. విన్నవాళ్లు వెనక్కి చూడకూడదు. దీపాలార్పి, తాళం వేసి, వెళ్లిపోవాలి. కొత్తగా చేరినవాళ్లకి పనికంటే ముందు ఈ సంగతే చెబుతారు.

మంద్రం కూడా చాలామందికి చెప్పింది.

మంద్రం అంటే ఆ బృందంలో నాలుగు తీగల బేస్ గిటారు వాయించే ఆవిడ. వాయిద్యమూ అడుగు స్వరమే, ఆవిడ మాటా అడుగు స్వరమే. అందుకని ఆ పేరు పెట్టారు. ఆ రాత్రి చివరి ఆట. మర్నాటి నుంచి వారం రోజులు సెలవలు, క్లబ్బు మూత.

"నా కోసం ఆగకండి," అంది మంద్రం డ్రమ్మరు కుర్రాడితో. అతన్నందరూ దరువు అంటారు. "ఇటు నుంచి ఇటే మా చెల్లెలి దగ్గరికి బస్సెక్కేస్తాను. దానికి చెప్పలేదు. తలుపు తీసి నన్ను చూసి నోరు తెరవాలి."

"నీ చెల్లెలు నోరు తెరవడానికి నువ్వే వెళ్లాలా అక్కా? ఫోన్లో మూస్తే కదా ఆవిడ," అన్నాడు దరువు.

నవ్వుతూనే ఆవిడ వాయిద్యాల కరెంటు తీగలు చుట్టడానికి వెనక గదిలోకి వెళ్లింది. తీగ చుట్టడం ఇంకొకళ్లకి వదిలే మనిషి కాదు. మెలిపడితే లోపల రాగి తెగుతుందని ఆవిడ బెంగ. తలుపు మూసుకుపోకుండా, అందరూ పెట్టినట్టే, ఇసుక సంచి అడ్డం పెట్టింది. వాయించేటప్పుడు పెద్ద డ్రమ్ము ముందుకి జారకుండా దానికి ఆనించే సంచి అది. దరువుది.

ఆవిడ ఎప్పుడో బస్సుకి వెళ్లిపోయిందనుకున్న దరువు, సామాను సర్దుకుంటూ చూశాడు. తన సంచి తలుపు దగ్గరుంది.

"దీన్ని మర్చిపోయేవాణ్ణే," అనుకుని, భుజాన వేసుకుని మెట్లెక్కేశాడు.

గది మూల బీరువా వెనక వంగుని ఉన్న మంద్రానికి ఇదేదీ తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా చెవుల్లో ఏదో మారడం. బయటి సందడి ఎవరో కత్తిరించినట్టు తెగిపోయింది.

టక్.

ముందు నవ్వొచ్చింది. తలుపు తట్టింది. రబ్బరు మెత్తగా లోపలికి పోయింది గానీ చప్పుడు కాలేదు. పిలిచింది. అరిచింది. దూదిలో పడ్డ సూదిలా ఆ అరుపు గదిలోనే మాయమైంది. ఫోను వేదిక మీద ఉంది, పాటల జాబితా చూపిస్తూ.

అప్పుడు లెక్క వేసుకుంది. బృందం తను బస్సెక్కిందనుకుంటుంది. చెల్లెలికి తను వస్తున్నట్టే తెలియదు. క్లబ్బు వారం వరకూ తెరవరు.

నవ్వు ఆగిపోయింది.

గోడలో కింద ఒక గొట్టం ఉంది, వేదిక మీదికి తీగలు పోయే దారి. చప్పుడు రాకుండా దాని నిండా గుడ్డలు కుక్కారు. గోళ్లతో ఒక్కొక్కటే లాగింది. తీగల మధ్య గడ్డిపరకంత సందు దొరికింది. చెవి పెడితే బయట చీపురు చప్పుడు... గ్లాసుల చప్పుడు.

ప్రాణం లేచొచ్చింది. నోరు ఆనించి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది — "తలుపు తీయండి."

జానెడు గోడ దాటి, ఇరవై తీగల మధ్య నలిగి, ఆ మాట అవతలికి ఒక నిట్టూర్పై తేలింది.

చీపురు ఆగింది.

"ఏమన్నావు?" అన్నాడు గ్లాసులు కడిగే ఆయన.

"నేనేం అనలేదు," అంది ఊడ్చే ఆవిడ. "నువ్వేమన్నావు?"

"నేనూ ఏమనలేదు."

ఆవిడ చీపురు గోడకి ఆనించింది.

"అయితే ఎవరూ ఏమీ అనలేదు. పద," అంది ఆవిడ మెల్లగా.

వెళ్లిపోతున్నారు... మంద్రం చుట్టూ చూసింది. మూలన ఒక పెద్ద డ్రమ్ముంది. చనిపోయినాయనదట. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మంద్రం కూడా. ఇప్పుడు మాత్రం పిడికిలి బిగించి దాని మీద గుద్దింది.

ధన్.

"చెప్పులు..." అంటూ ఆయన వెనక్కి తిరగబోయాడు.

"కాళ్లున్నాయిగా, చాలు. వెనక్కి చూడకు."

రెండేళ్ల కిందట ఆ ఊడ్చే ఆవిడకి ఆ మాట నేర్పింది మంద్రమే. బాగా నేర్చుకుంది.

మెట్ల మీద పరుగు. పైన మీట పడింది. దీపం ఆరింది. గదిలోకి గాలి తోసే మర నాలుగు చుట్లు తిరిగి... అదీ ఆగింది.

అంత చీకటి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నారు. తను బిగబట్టింది. వాళ్లూ బిగబట్టారు. తను వదిలింది. వాళ్లూ వదిలారు.

"నేనే," అని పైకి చెప్పుకుంది. "ఇది నేనే."

చెప్పుకున్నా వీపు గోడకి ఆనించే ఉంచింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. గాలి బరువెక్కింది. కణతలు కొట్టుకుంటున్నాయి. గొట్టం దగ్గర పడుకుని ఆ గడ్డిపరక సందులోంచే గాలి పీల్చుకుంటోంది. అలా పీలుస్తూ ఆలోచించింది.

అరుపు ఎందుకు దాటలేదు? సన్న శబ్దం గోడని చూసి ఆగిపోతుంది. అడుగు స్వరం అలా కాదు. గోడనే నిచ్చెన చేసుకుని ఎక్కుతుంది. బేస్ వాయించేవాళ్లందరికీ అది అనుభవమే. ఇరుగుపొరుగు ఏనాడూ పాట వినిపించిందని పోట్లాటకి రారు, మంచాలు అదురుతున్నాయని వస్తారు.

పైన రెండో అంతస్తులో ఒక మంచం ఉంది. మీటల బాబాయిది.

పాతికేళ్లుగా ఈ క్లబ్బులో శబ్దం పెట్టె దగ్గర కూర్చుని మీటలు తిప్పే మనిషి. సన్నటి చప్పుళ్లు ఇప్పుడాయన చెవికి ఆనవు. కానీ అడుగు స్వరం పక్కటెముకలతో వింటానంటాడు. తాళంచెవి కూడా ఆయన దగ్గరుంటుంది.

చీకట్లో డ్రమ్ముని దొర్లించుకుంటూ తెచ్చి, దాని ముఖం మేడ పైదాకా పోయే స్తంభానికి ఆనించింది. కొట్టింది. ధన్... ధన్... ధన్... చెయ్యి వాస్తే మోచేత్తో. మోచెయ్యి వాస్తే మడమతో.

కొడుతూ కొడుతూ ఉండగా ఒక సంగతి తట్టి, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

విన్నవాళ్లు వెనక్కి చూడకూడదని తనకి చెప్పింది ఆ బాబాయే.

ఇక్కడ తను ఎంత గట్టిగా కొడితే ఆయన అంత గట్టిగా దుప్పటి ముసుగేసుకుంటాడు. తను ఎంత బతికుంటే వాళ్లకి అంత దెయ్యం.

అయినా కొట్టింది. ఇంకేముంది చేయడానికి? మధ్యలో కళ్లు మూసుకుపోయేవి. ఉలిక్కిపడి లేచి మళ్లీ కొట్టేది. దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం పెరిగింది. తర్వాత చెయ్యి లేవలేదు.

...

టక్.

చల్లటి గాలి ముఖాన కొట్టింది. గుమ్మంలో టార్చిలైటు. దాని వెనక మీటల బాబాయి. బనీనుతో ఉన్నాడు. చెప్పుల్లేవు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"రా నాయనా," అన్నాడు గుసగుసగా. "తలుపు తీశాను. వెళ్లిపో... ఇక వెళ్లిపో."

మంద్రం పాకుతూ గుమ్మం దాటింది. ఆయన పంచె అంచు పట్టుకుంది.

"బాబాయి, నేను."

ఆయన కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచాక ఆవిడని చూసి, ఆవిడ వెనక ఖాళీ గదిని చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"నువ్వా? నువ్వు బస్సెక్కలేదా?"

"ఎక్కలేదు. ఎవరూ రారనుకున్నాను బాబాయి. మీరే కదా చెప్పింది, వెనక్కి చూడకూడదని. నేనని ఎలా తెలిసింది మీకు?"

"తెలియదమ్మా."

"మరి?"

"నీ కోసం రాలేదు నేను. వాడి కోసం వచ్చాను."

మంద్రానికి అర్థం కాలేదు. ఆయన టార్చిలైటు ఆర్పేశాడు. ముఖం కనబడకుండా చెప్పదలుచుకున్నట్టుంది.

"వాడు పోయాక దెబ్బలు వినిపించడం మొదలైందంటారు కదా. కాదమ్మా. ముందు వినిపించింది దెబ్బ. విన్నది నేను. మెట్ల మీద సగం దాకా దిగాను... పాత నేలమాళిగ, చీకటి, మూసున్న క్లబ్బు. వెనక్కి చూడకుండా పరుగెత్తాను. పొద్దున అందరికీ చెప్పాను, కింద ఏదో ఉంది, ఎవరూ పోకండి అని. ఎవరూ పోలేదు, రంగులు వేసేవాళ్లు కూడా."

మంద్రం ఆయన పంచె అంచు వదిలేసింది.

"తర్వాత ఆ నియమం పెట్టింది కూడా నేనే. అందరూ పారిపోతే నేను పారిపోవడం తప్పు కాకుండా పోతుందనుకున్నాను."

"ఒక్క రాత్రేనా బాబాయి... విన్నది?"

చీకట్లో ఆయన తాళంచెవి నేల మీద పెట్టిన చప్పుడైంది.

"రెండో రాత్రి మెల్లగా కొట్టాడు. మూడో రాత్రి ఏమీ వినిపించలేదు. దెయ్యం వదిలిపోయిందని... హాయిగా నిద్రపోయానమ్మా."