పచ్చని అంచు

దవాఖాన క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ జనగామ కాలేజీ రోజులు తలచుకుంటున్నాను. ఉల్లిపొరకు రంగు వేసి పిల్లలకు సూక్ష్మదర్శినిలో చూపించేవాణ్ణి. ఒకసారి బ్లేడు జారి చూపుడువేలికి అడ్డంగా పడిన గాటు ఇంకా ఉంది. ఆనాటి పిల్లల్లో రఘునాథపల్లి హుమేరా ఒకతి. ఇప్పుడు ఆమే ఆపరేషన్ థియేటర్‌లో నా భార్య విమల కడుపులోని క్యాన్సర్ గడ్డ కోస్తోంది.

ఉల్లిపొర సంగతి ఎందుకంటే, ఇదీ రంగు పనే. మందు ఎక్కించి, లైట్లు ఆర్పి, ప్రత్యేక కెమెరాతో చూస్తే గడ్డ ఎంతమేర ఉందో తెరమీద పచ్చగా వెలుగుతుందట. ఆ అంచు దాటి కోయాలి. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుంది.

"మన కంటికి కనబడది సార్, కెమెరాకే," అని పొద్దున హుమేరా చెప్పింది.

తీసిన ముక్కను ఇంటివాళ్లకు చూపించడం ఇక్కడ రివాజు. థియేటర్ తలుపు దగ్గరికి పిలిచారు. లోపల చీకటి. స్పిరిట్ వాసన, దాని అడుగున ఏదో కాలిన వాసన. హుమేరా ట్రే పట్టుకుంది. తెరమీద ముక్క నడుమ పచ్చని మచ్చ, చుట్టూ నలుపు.

"చుట్టూ నల్లగున్నది కదా సార్. అంతా వచ్చేసింది. పరేషాన్ కాకున్రి."

పాఠాలు చెప్పిన అలవాటు... వేలు పెట్టి చూపించనిదే నాకు తోచదు. "ఇదేనా?" అంటూ తాకాను.

"అయ్యో, ముట్టకున్రి! క్లాసు అనుకున్నరా?" నర్సు రజిత నవ్వింది.

ముక్క ఇంకా వెచ్చగా ఉంది. నా వేలిని చప్పరించినట్టు కదిలింది. తెర చూశాను. పచ్చని మచ్చ లేదు. అంతా నలుపు.

"మందు ఆరిపోయుంటది," అంది హుమేరా. గొంతు తగ్గింది.

చేయి కడిగాను. మళ్లీ కడిగాను.

కొన్నాళ్లకు విమలకు జావ తాగనిచ్చారు. నేనే తాగించి, వేలితో మూతి తుడిచాను.

"నీ వేలు గింత కాలుతున్నదేందయ్యా?" అంది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. వార్డంతా చీకటి. ఎవరో దగ్గారు. విమల నా చేయి పట్టుకుంది.

"లోపల ఎవరో తడుముతున్నరు..."

నా వేలు చూసుకున్నాను. చీకట్లో చీకటిలాగే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఆమె దుప్పటి జారింది.

కట్టు కింద పచ్చని వెలుగు. కెమెరా లేదు. తెర లేదు. అయినా కనబడుతోంది... సన్నని గీతలు, సుడి తిరిగి. పింఛను కోసం ఏటా ఈ వేలి ముద్రే వేసేవాణ్ణి, గుర్తుపట్టనా? నడుమ అడ్డంగా గాటు.

లోపలి నుంచి ఒత్తుతోంది.