పై మెట్ల శ్రుతి

ఆ శనివారం పొద్దున్నే యెఫీమ్ ఇంట్లో పియానో శ్రుతి చేయడం ముగించి, తీగల మరలు తిప్పే పనిముట్టుని గుడ్డలో చుట్టాడు. "వాయించి చూడు రయా" అన్నాడు. రయీసా వచ్చి రెండు చేతులా ఒకసారి వాయించి, "బాగుంది" అంది. నెలకోసారి అనే మాటే అది.

రయీసా పెర్మ్ నగరంలో పేరున్న పియానో విద్వాంసురాలు. ఓ పల్లె బడి మాస్టారి కూతురు. పద్నాలుగో ఏట సంగీత కళాశాలలో చేరి, ఇరవై నాలుగో ఏటికి కచేరీలు మొదలుపెట్టింది. సైబీరియా రైళ్ళలో తిరిగి, చలికి వేళ్ళు కొంకర్లు పోయే హాళ్ళలో కూడా వాయించింది. ఇంట్లోదైనా, నగర కచేరీ హాల్లోదైనా, ఆమె వాయించే పియానోకి నలభై నాలుగేళ్ళుగా శ్రుతి చేసింది ఒక్క యెఫీమే. తమ పెళ్ళికి ముందు ఏడాది, తరవాత నలభై మూడేళ్ళు. మరో పది రోజుల్లో ఆమెకు డెబ్భై నిండుతాయి. ఆ రోజు సాయంత్రం అదే హాల్లో సన్మాన కచేరీ.

వంటింట్లో పన్నీరు అట్లు వేగుతుండగా కూతురు నోన్నా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చింది. చేతిలో కచేరీ కార్యక్రమం కాగితం ఉంది.

"అమ్మా, ఇందులో 'వడగళ్ళు' లేదేంటి? మీ గురువుగారు నీకోసమే రాసిన సంగీతంగా. జనం వచ్చేదే దానికోసం."

"వేళ్ళు సాగడం లేదే" అంది రయీసా, అట్టు తిరగేస్తూ.

"మీ అమ్మ వాయింపు పండిందమ్మా" అన్నాడు యెఫీమ్ టీలో జామ్ కలుపుకుంటూ. "ఇప్పుడన్నీ నిదానంగా, కింది మెట్ల మీదే. రెండేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నా."

నోన్నా తల్లి వైపు చూసింది. రయీసా కళ్ళతోనే వద్దని వారించింది. కానీ నోన్నా ఆగలేదు.

"నాన్నా, హాలు వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఈసారి శ్రుతికి వేరే మనిషిని పెడతారట. పియానో పై మెట్లు, ఆ సన్నటి స్వరాలు, అపశ్రుతి పలుకుతున్నాయంటున్నారు. నీతో చెప్పడానికి ఎవరికీ నోరు రావడం లేదు."

యెఫీమ్ చెంచా కింద పెట్టాడు. "నిజమేనా రయా?"

ఆమె పొయ్యి ఆర్పింది. "నిజమే."

"ఎప్పట్నించి?"

"రెండేళ్ళు అయ్యుంటుంది."

"అందుకేనా 'వడగళ్ళు' మానేశావు? పై మెట్ల మీద ఉంటుందనా?"

"నువ్వు బాధపడతావని చెప్పలేదు. నాకు నువ్వు ముఖ్యమా, ఆ నాలుగు మెట్లా?"

"నా చెవులు మందగిస్తున్నాయని నాకు తెలుసు" అన్నాడు యెఫీమ్. గొంతు పెంచలేదు. "అనుమానం వచ్చినప్పుడల్లా నిన్ను వాయించమన్నాను. నువ్వు బాగుందన్నావు. నీ చెవులు ఉన్నాయిగా అని ధైర్యంగా ఉన్నాను. నువ్వేమో నన్ను ఊళ్ళో వాళ్ళ జాలికి వదిలేశావు."

కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అట్లు చల్లారిపోయాయి.

రయీసా కుర్చీలో కూలబడింది. "మంచే చేస్తున్నాననుకున్నానే. ఆయన నా మాట మీద అంతగా ఆనుకుని ఉన్నాడని తెలీదు" అంటూ నడుముకి కట్టుకున్న వంట గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. నోన్నా తల్లి భుజం మీద చెయ్యి వేసి, "తిట్టాలనుకుంటే నన్ను తిట్టు" అంది. "నిన్నెందుకు? మొదటిసారి బాగుందని అన్నప్పుడే నా నోరు పడిపోవాల్సింది" అంది రయీసా.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. యెఫీమ్ వెనక తిమూర్ ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, ఒకప్పుడు యెఫీమ్ దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు నాటకశాలలో శ్రుతి చేస్తున్నాడు.

"కచేరీ హాలు పని ఇక వీడిది" అన్నాడు యెఫీమ్. "వాళ్ళు ఎవణ్ణో పెట్టేలోగా నేనే పెడుతున్నా. ముందు మన పియానో మీద చూద్దాం. రయా, ఇలా రా. బాగుందనే మాట ఇవాళ ఈ ఇంట్లో వినపడకూడదు."

తిమూర్ పై తీగలు బిగించాడు. యెఫీమ్ పక్కనే నిలబడి, "మణికట్టుతో తిప్పకురా, భుజంతో తిప్పు. ఎన్నిసార్లు చెప్పాను" అని గదమాయించాడు.

"మాస్టారూ, భుజం నొప్పికి మందు కూడా మీరే కొనిస్తారా?" అన్నాడు తిమూర్.

రయీసా వాయించింది. "శ్రుతి ఇంకా తగ్గే ఉంది" అంది, భర్త మొహం చూడకుండా.

"అలా చెప్పు" అన్నాడు యెఫీమ్. ఆమె తలెత్తి చూస్తే ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"క్షమించు" అంది ఆమె.

"క్షమిస్తాను. కచేరీలో 'వడగళ్ళు' వాయించు, సరేనా. వేళ్ళు సాగవని అబద్ధాలు చెప్పకు."

పది రోజులూ ఆ ఇంట్లో పొద్దుటే సాధన మొదలయ్యేది. కచేరీనాడు హాలు నిండిపోయింది. యెఫీమ్ ముందు వరసలో, నోన్నా పక్కన కూర్చున్నాడు. చివర్లో రయీసా 'వడగళ్ళు' ఎత్తుకుంది. ఆమె కుడి చెయ్యి మెట్ల చివరి దాకా పరుగులు తీసింది. ఆ పై స్వరాలు యెఫీమ్‌కి వినపడలేదు. భార్య వేళ్ళు చూస్తూ, వెనక్కి తిరిగి జనం మొహాలు చూస్తూ కూర్చున్నాడు. అందరూ లేచి నిలబడ్డప్పుడు లేవడం ఆయనకు కాస్త ఆలస్యమైంది. ముందు కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

తెర వెనక పూలగుత్తుల మధ్య ఆమెను పట్టుకుని అడిగాడు. "ఎలా ఉంది పైన?"

రయీసా ఆయన చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేంత గట్టిగా చెప్పింది. "చివరి నుంచి నాలుగో మెట్టు శ్రుతి కొంచెం దిగింది."

"చూశావా తిమూర్?" అన్నాడు యెఫీమ్, పక్కనే నిలబడ్డ శిష్యుడి వైపు తృప్తిగా తిరిగి. "భుజంతో తిప్పమన్నానా, లేదా?"